అడవిని చూసి కిట్ సర్దుకుందాం

(హైదరాబాద్‌లో ఆదివారం అడవి నడకలకు వెళ్ళే మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్ళు ముందుకొచ్చి చాప మీద కూర్చోండి, చోటుంది. రికార్డింగ్ మొదలైందా? సరే.

ఈ రోజు మన బుష్‌క్రాఫ్ట్‌లో, అంటే అడవిలో చేతిపనితో గడిపే విద్యలో, సామాను సంగతి మాట్లాడదామని వచ్చాను. కత్తులు, గొడ్డళ్ళు, తాళ్ళు, నిప్పు రాజేసే కడ్డీలు. ఏ కంపెనీది కొనాలి అని అడగకండి, అది చెప్పడానికి రాలేదు. నేను అడగదలుచుకున్నది ఒక్కటే. మనందరి కిట్లూ ఎందుకు ఒకేలా ఉంటున్నాయి? మన ఊరి చుట్టూ ఉన్న అడవితో ఆ కిట్‌కి ఏమైనా సంబంధం ఉందా? ఇది అడక్కుండా ఎన్ని ఆదివారాలు నడిచినా మనకి అడవి అర్థం కాదని నా గట్టి నమ్మకం.

ఫోటోలు మీరందరూ చూసే ఉంటారు. దుప్పటి పరుస్తారు. దాని మీద వరసగా సర్దుతారు. చెక్కపిడి కత్తి, దానికో తోలు ఒర. చిన్న గొడ్డలి. మైనం పట్టించిన కాన్వాస్ సంచి. ఫెర్రో రాడ్, అంటే గీస్తే నిప్పురవ్వలొచ్చే కడ్డీ. టైటానియం కప్పు. పారాకార్డ్ అనే సన్నటి నైలాన్ తాడు చుట్ట. పైనుంచి ఫోటో తీస్తారు. ఆ ఫోటో స్వీడన్‌లో తీశారో, కెనడాలో తీశారో, కూకట్‌పల్లిలో మేడ మీద తీశారో మీరు చెప్పగలరా? నేను చెప్పలేను. అడవిలో వాడే సామాను చూసి అది ఏ అడవిదో చెప్పలేకపోతే ఎక్కడో తేడా ఉన్నట్టే కదా?

ఆ కిట్ తెలివితక్కువదని అనడం లేదు. అది వేరే అడవికి పుట్టిన కిట్. స్వీడన్, ఫిన్లాండ్, కెనడా అడవుల్ని తలుచుకోండి. స్ప్రూస్, పైన్, బర్చ్ చెట్లు. చలికాలంలో సున్నాకి కింద ఇరవై, ముప్పై డిగ్రీలు. అక్కడ నిప్పు లేకపోతే మనిషి పోతాడు. కానీ కింద పడి ఉన్న పుల్లలన్నీ మంచుకి తడిసి ఉంటాయి. పొడి చెక్క కావాలంటే నిలువునా ఎండిపోయిన మానుని కొట్టి, దుంగని చీల్చి, లోపలి చెక్క తీయాలి. కత్తిని దుంగ మీద పెట్టి, దాని వీపు మీద కర్రతో బాది చీలుస్తారు. బాటనింగ్ అంటాం కదా, అది. అలా బాదితే కత్తి విరక్కూడదు, కాబట్టి కత్తి ఉక్కు పిడిలో చివరిదాకా ఉండాలి, అదే ఫుల్ టాంగ్. చీల్చిన చెక్కని ఈకలు లేచినట్టు పల్చగా చెక్కాలి, అదే ఫెదర్ స్టిక్. మెత్తటి చెక్కని అలా చెక్కడానికి స్కాండీ గ్రైండ్ బాగుంటుంది. అంటే అంచుకి చదునుగా ఒకటే వాలు, నూరే రాయి మీద పెడితే దానంతట అదే కోణం కుదురుతుంది. చూశారా, ఒకదాని వెంట ఒకటి ఎలా వచ్చాయో! చలి వల్ల నిప్పు, నిప్పు కోసం చీల్చడం, చీల్చడం కోసం ఆ కత్తి. ప్రతిదానికీ ఒక కారణం ఉంది.

మోర్స్ కొచాన్‌స్కీ అని కెనడాలో ఆల్బర్టా ప్రాంతంలో పాఠాలు చెప్పిన పెద్దాయన ఉండేవారు. 2019లో పోయారు. బతుకంతా ఆ చలి అడవినే చదివారు. ఆయన మెచ్చుకున్న కత్తి ఏదనుకుంటున్నారు? స్వీడన్‌లో మోరా అనే ఊరి పేరు మీద వచ్చే చవక కత్తి. అక్కడ పనివాళ్ళు రోజూ వాడిపడేసేది. అదే కత్తి ఓడెక్కి మన దగ్గరికొచ్చేసరికి ఖరీదు పెరుగుతుంది, హోదా పెరుగుతుంది. పోటీపడి కొంటాం.

ఇప్పుడు మన అడవికి రండి. మార్చి నెల అనుకోండి. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు దాటాం. నల్లమల. టేకు, నల్లమద్ది, తునికి, మోదుగ, అన్నీ ఆకు రాల్చేసి ఉంటాయి. కాలు పెడితే పెళపెళమని చప్పుడు. చీలమండ దాకా ఎండుటాకు. అక్కడ నిప్పు పుట్టించడం ఒక సమస్యా? బీడీ ముక్క చాలు. ఫిబ్రవరి నుంచి మే దాకా అటవీ సిబ్బంది ఫైర్ లైన్లు, అంటే మంట పాకకుండా ఖాళీగా ఉంచే దారులు, శుభ్రం చేసుకుంటూ, పొగ కనిపిస్తే పరిగెత్తుకుంటూ తిరుగుతుంటారు. మన కిట్‌లో సగం సామాను నిప్పు పుట్టించడానికి ఉంది. మన అడవికేమో నిప్పు పుట్టకుండా చూసేవాళ్ళు కావాలి. ఆలోచించండి. సామాను మొత్తం తలకిందులుగా లేదూ?

చట్టం కూడా ఇదే చెబుతోంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షన్ అభయారణ్యానికి ప్రమాదం కలిగేలా నిప్పు రాజేయడాన్ని నిషేధిస్తుంది. 31వ సెక్షన్ రాతపూర్వకమైన అనుమతి లేకుండా ఆయుధంతో లోపలికి వెళ్ళకూడదంటుంది. జాతీయ పార్కులకూ ఇవే నియమాలు. మన ఊరినే చూడండి, కేబీఆర్, చిల్కూరు దగ్గర మృగవని, వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి, మూడు జాతీయ పార్కులు ఉన్నాయి. రిజర్వు ఫారెస్టు అయినా సరే, చెట్టు కొట్టడం, నిప్పు పెట్టడం 1967 నాటి అటవీ చట్టం కింద నేరం. అంటే మనం సంచిలో పెట్టుకుని వెళ్ళే సామాన్లో ఎక్కువ భాగం మన చుట్టుపక్కల అడవుల్లో బయటికి తీయడానికే వీల్లేదు. ఇది చెప్పకుండా కొత్తవాళ్ళకి కొనాల్సిన వస్తువుల జాబితా ఇచ్చేస్తున్నాం. అది మనం చేస్తున్న అన్యాయం.

మరి మన అడవిలో మనిషిని నిజంగా దెబ్బతీసేది ఏది? ఎండ. నీళ్ళు లేకపోవడం. వేసవిలో రోజంతా నడిస్తే మనిషికి నాలుగైదు లీటర్ల నీళ్ళు కావాలి. లీటరు నీళ్ళంటే కిలో బరువు. మీ నడుముకి వేలాడే ఆ చిన్న గొడ్డలి, ఒరతో కలిపి తూచి చూడండి, ముప్పావు కిలో, కిలో తూగుతుంది. అది తీసి ఇంట్లో పెడితే ఒక లీటరు నీళ్ళు ఎక్కువ మోయొచ్చు. అనంతగిరిలోనో, నర్సాపూర్ అడవిలోనో మిట్టమధ్యాహ్నం తలనొప్పి మొదలై, కళ్ళు తిరుగుతుంటే ఆ గొడ్డలి ఏం చేస్తుంది చెప్పండి?

ఎండ తర్వాత పాములు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. రక్తపింజర ఎండుటాకుల్లో కలిసిపోయి కనపడదు. వీటికి కావాల్సింది మంచి టార్చి, చీలమండ కప్పే బూట్లు, చూసి అడుగేసే అలవాటు. ఈ మూడూ ఫోటోల్లో అందంగా ఉండవు, అందుకని వాటి గురించి ఎవరూ మాట్లాడరు. విషం పీల్చే పంపులని అమ్ముతున్నారు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, దయచేసి వినండి. అవి పనిచేయవు. గాటు పెట్టకండి, తాడు బిగించకండి, నోటితో పీల్చకండి. కరిచిన కాలు కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, యాంటీ వెనమ్ ఉన్న ఆసుపత్రికి చేర్చండి. అందుకే ఫోన్ సిగ్నల్ ఎక్కడిదాకా వస్తుందో, దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉందో ముందే తెలుసుకుని బయల్దేరాలి. నా దృష్టిలో బుష్‌క్రాఫ్ట్‌లో మొదటి పాఠం అదే.

ఫెర్రో రాడ్ గురించి ఒక మాట. నాకు దాని మీద కోపం లేదు. ఆస్ట్రియాకి చెందిన కార్ల్ ఆవర్ అనే రసాయన శాస్త్రవేత్త 1903లో ఆ మిశ్రమ లోహాన్ని కనిపెట్టాడు. ఇనుము, సీరియం, ఇంకొన్ని లోహాలు. గీస్తే దాదాపు మూడు వేల డిగ్రీల నిప్పురవ్వ వస్తుంది, తడిసినా పనిచేస్తుంది. శ్రావణమాసం వానల్లో ఎవరి తోటలోనో టీ పెట్టుకుంటున్నప్పుడు అగ్గిపెట్టె తడిసిపోతే అది నిజంగా ఆదుకుంటుంది. కానీ అగ్గిపెట్టె తీసినవాడిని చూసి "అది బుష్‌క్రాఫ్ట్ కాదు" అనడం నేను విన్నాను. ఎందుకు కాదు? అగ్గిపెట్టె 2021 డిసెంబరులో రెండు రూపాయలైంది. అంతకుముందు ఏళ్ళ తరబడి రూపాయే. మన తాతల కాలంలో అదీ లేనప్పుడు చెకుముకి రాయి, ఉక్కుముక్క, బూరుగు దూది చిన్న సంచిలో పెట్టుకుని తిరిగేవాళ్ళు. వాళ్ళకి అగ్గిపెట్టె అందిన రోజు సంతోషంగా తీసుకున్నారు. పని తెలిసినవాళ్ళకి పట్టింపులు ఉండవు.

ఇంకొక మనిషి గురించి చెప్పాలి. జార్జ్ వాషింగ్టన్ సియర్స్. పందొమ్మిదో శతాబ్దపు అమెరికా. చెప్పులు కుట్టుకుని బతికిన మనిషి. నెస్‌మక్ అనే కలం పేరుతో రాసేవాడు. బక్కపలచటి శరీరం, పైగా ఊపిరితిత్తుల జబ్బు. బరువు మోయలేడు. అందుకని ప్రతి వస్తువునీ తన ఒంటికి తగ్గట్టు తేలిగ్గా చేయించుకున్నాడు. 1883లో ఆయన అడిరాండాక్ కొండల సరస్సుల్లో తిరిగిన పడవ బరువు ఎంతో తెలుసా? పదిన్నర పౌండ్లు. ఐదు కిలోలు కూడా లేదు. బరువు తగ్గించుకోండి, అనవసరమైనవి మోయకండి అని మొత్తుకుని రాశాడాయన. ఇప్పుడు ఏం జరుగుతోంది? నెస్‌మక్ కత్తి, నెస్‌మక్ గొడ్డలి అని ఆయన పేరు మీదే అమ్ముతున్నారు. ఆయన తన ఒళ్ళు చూసుకుని, తన తోవ చూసుకుని చేయించుకున్న వస్తువుని మనం మన ఒళ్ళు చూసుకోకుండా, మన తోవ చూసుకోకుండా కొంటున్నాం. ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఆ గొడ్డలి ఆకారమా, ఆ ఆలోచనా?

ఎందుకిలా అవుతోంది? షోకు కోసం కొంటున్నారని తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. కొత్తగా వచ్చినవాళ్ళకి భయం ఉంటుంది. అడవంటే భయం, తెలియనివాళ్ళ మధ్య తక్కువైపోతామేమోనని టెన్షన్. ఈ రెండు భయాలకీ వస్తువు ఒక ధైర్యం ఇస్తుంది. అందరి దగ్గరా ఉన్నదే నా దగ్గరా ఉంటే నేనూ వీళ్ళలో ఒకడిని. నైపుణ్యం రావడానికి ఏళ్ళు పడుతుంది. వస్తువు రెండు రోజుల్లో ఇంటికొస్తుంది. ఈ తొందరని అర్థం చేసుకోగలను. కానీ దీనివల్ల ఎవరు బయటే ఉండిపోతున్నారో మనం చూడటం లేదు.

మొన్న చలికాలంలో ఒక అబ్బాయి నడకకి వచ్చాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉంటూ పరీక్షలకి చదువుకుంటున్నాడు. అందరూ సామాను పరిచి చూపిస్తుంటే అతను సంచి విప్పలేదు. తర్వాత నడుస్తూ మాట్లాడితే తెలిసింది, వాళ్ళ నాన్న గొర్లు కాస్తారట. ఆ సంచిలో నాన్న గొంగడి ఉంది. మన గుంపులో అందరికంటే ఎక్కువ రాత్రులు ఆరుబయట పడుకున్నది ఆ పిల్లవాడే. ఏ వైపు మబ్బు కమ్మితే వాన వస్తుందో, గొర్రెలు ఎందుకు ఒక్కసారిగా తలెత్తి చూస్తాయో అతనికి తెలుసు. అతను సిగ్గుపడి సంచి మూసుకునే పరిస్థితి మన మధ్య ఉందంటే అది చిన్న విషయం కాదు. నన్ను ఇప్పటికీ బాధపెడుతోంది.

గొంగడి గురించి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. దక్కనీ గొర్రెల ముతక నల్ల ఉన్ని. చేత్తో వడికి, గుంట మగ్గం మీద నేస్తారు, చింతగింజల గంజి పెడతారు. చలికి కప్పుకోవచ్చు, వానకి నెత్తిన వేసుకోవచ్చు, నేల మీద పరుచుకోవచ్చు. బయటి దేశాల ఉన్ని దుప్పటిలో మనం మెచ్చుకునే గుణాల్లో ఇందులో లేనిది ఏముంది? ఆ గొర్రెలు తగ్గిపోతున్నాయి, నేసేవాళ్ళు తగ్గిపోతున్నారు. మనకి ఉన్ని దుప్పటి నిజంగా కావాలంటే ఆ డబ్బు ఆ మగ్గానికి వెళ్ళాలి.

ఉక్కు మాటకొస్తే, నిజామాబాద్ వైపు కోనసముద్రం అనే ఊరుంది. ఒకప్పుడు మూసల్లో ఉక్కు కరిగించి తయారు చేసేవాళ్ళు. దాన్ని కొనడానికి పర్షియా నుంచి వ్యాపారులు వచ్చేవాళ్ళు. డమాస్కస్ అని పేరుపడ్డ కత్తులకి వెళ్ళింది అలాంటి ఉక్కే. ఇవాళ డమాస్కస్ పేరుతో మనం కొంటున్నది వేరు, రెండు రకాల ఉక్కు పొరలు కలిపి అతికించి గీతలు తెప్పించింది. పనిముట్టుగా అది చెడ్డదని అనను. చరిత్ర పేరు చెప్పి అమ్మితే మాత్రం ఒప్పుకోను. లారీ కమాన్ పట్టీని కాల్చి సాగదీసి, పది రకాల పనికి పది రకాల వంపు పెట్టి ఇచ్చే కమ్మరులు ఊళ్ళల్లో ఇంకా ఉన్నారు. ఎవరైనా వెళ్ళి "అన్నా, నా చెయ్యి ఇంత, నేను కొట్టేది సర్కారు తుమ్మ, దానికి తగ్గది చేసివ్వు" అని అడిగారా?

ఇక్కడ ఒక జాగ్రత్త. నేను ఇలా చెప్పాననుకోండి, రేపు అందరూ గొంగడి పరిచి, కమ్మరి కత్తి పెట్టి, పైనుంచి ఫోటో తీస్తే? మళ్ళీ అదే యూనిఫారం, బట్ట మారింది అంతే. దేశీ వస్తువు అన్నంత మాత్రాన అది మీకు సరిపోతుందని కాదు. బేగంబజార్‌లో కొన్న స్టీలు డబ్బా మీకు చాలితే అదే మీ వంటగిన్నె. పాలిథీన్ పట్టా వానకి ఆగితే అదే మీ గుడారం. మీరు ఏ నెలలో, ఏ నేల మీద, ఏ పనికి వెళుతున్నారు? జవాబు అక్కడినుంచి రావాలి.

కల్లుగీసే గౌడన్నలని చూడండి. చెట్టెక్కడానికి వాడే మోకు, ముస్తాదు తరతరాలుగా వాళ్ళ పనిముట్లు. మనలాంటివాళ్ళు చూసి ఎంత గొప్ప సంప్రదాయ విజ్ఞానమో అనుకుంటాం. గొప్పదే. కానీ చెట్టు మీదినుంచి జారిపడి చనిపోయినవాళ్ళు, నడుము విరిగి మంచం పట్టినవాళ్ళు ఎంతమంది! 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య పేరుతో వాళ్ళకి రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. నైలాన్ పట్టీలు, బకిల్స్. దాన్ని చూసి "ఇది సంప్రదాయం కాదు" అనే హక్కు కింద నిలబడ్డ ఎవరికైనా ఉందా? పైకి ఎక్కేది ఎవరి ప్రాణం?

ఈ మాటతో ఆదర్శం సంగతికి వస్తాను. ఎందుకంటే మనలో రెండో రకం వాళ్ళు ఉన్నారు. కొనేవాళ్ళని తిట్టేవాళ్ళు. ఒక్క కత్తి చాలు, ప్లాస్టిక్ వద్దు, లైటర్ మోసం, ఒంటరిగా వెళ్ళాలి, అడవి ఇచ్చిందే తినాలి అనేవాళ్ళు. ఆ మాటల్లో ఉన్న ఆరాటం నాకు చాలా ఇష్టం. పొద్దున లేస్తే ట్రాఫిక్, రాత్రిదాకా స్క్రీన్, ఒక్క పని కూడా మన చేత్తో మొదలై మన చేత్తో పూర్తికాదు. ఆ లోటు తీర్చుకోవాలనుకోవడంలో తప్పేముంది? అది మంచి కోరిక, దాన్ని వదులుకోవద్దు. కానీ ఒక్క కత్తితో ఒంటరి మనిషి అనే బొమ్మ కూడా ఆ దుప్పటి మీద ఫోటోలాంటిదే. అదీ ఎక్కడినుంచో వచ్చిందే. దానికీ మన అడవి తెలియదు.

మన అడవిలో నిజంగా బతికినవాళ్ళు చెంచులు. 1940లలో హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్త నల్లమలలో వాళ్ళ మధ్య ఉండి రాసిన వివరాలు ఉన్నాయి. అందులో ముఖ్యమైన పనిముట్టు ఏది? గడ్డలు తవ్వుకునే కర్ర. విల్లు, బాణం కూడా ఉన్నాయి, కానీ రోజూ కడుపు నింపింది ఆ కర్ర. అది ఆడవాళ్ళ చేతిలోనూ ఉండేది. కొండ అంచున తేనె తీయడానికి ఒకరు తాడు మీద దిగితే, పైన నమ్మకమైన మనిషి ఆ తాడు చూసుకోవాలి. కుటుంబం, బంధువులు, ఇచ్చిపుచ్చుకోవడం, దగ్గరి పల్లె సంతలో తేనె ఇచ్చి గింజలు తెచ్చుకోవడం. ఒంటరి మనిషి ఎక్కడా కనపడడు. ఏ గడ్డ ఏ నెలలో దొరుకుతుందో తెలిసిన తల్లి ఉంది, ఆమె వెంట నడిచే పిల్ల ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా ఆ కుటుంబాలు తాము పుట్టిన అడవిలో ఉండే హక్కు కోసం కాగితాలు పట్టుకుని తిరుగుతుంటే, మనం వెళ్ళి అక్కడ ఆదిమానవుడిలా రెండు రోజులు బతికి వస్తామని ఉత్సాహపడటం నాకు మింగుడుపడదు. వెళ్ళండి. అనుమతితో వెళ్ళండి, వాళ్ళలో గైడుగా పనిచేసేవాళ్ళు ఉంటే వాళ్ళతో వెళ్ళండి, సరైన కూలి ఇవ్వండి, చెప్పింది వినండి.

మరి చేతిపని ఎక్కడ నేర్చుకోవాలి? పట్టా భూముల్లో. రైతు ఒప్పుకుంటే మామిడి తోటలో కత్తిరించిన కొమ్మలున్నాయి, వేప ఉంది. అన్నిటికంటే ముందు సర్కారు తుమ్మ ఉంది. అమెరికా ఖండాల నుంచి వచ్చి మన చెరువు గట్లన్నీ ఆక్రమించిన చెట్టు. ఎంత కొట్టినా మళ్ళీ చిగురిస్తుంది. గట్టి చెక్క, కాబట్టి స్కాండీ కత్తి అంచు దాని మీద ఎలా మడతపడుతుందో మీకే తెలుస్తుంది. బొగ్గులు బాగా నిలుస్తాయి. దాన్ని తీసేస్తే రైతు కాదనడు.

కాబట్టి మన నడకలకి నేను అడిగేవి ఇవి. మొదటిసారి వచ్చేవాళ్ళకి మనం పంపే జాబితాలోంచి కత్తి తీసేద్దాం. నీళ్ళు, బూట్లు, టార్చి, తలకి తువ్వాల, ఈల, ఇంటి నుంచి తెచ్చుకున్న తిండి. కత్తులు, రంపం, గొడ్డలి ఒకటో రెండో అందరికీ ఉమ్మడిగా ఉంచుదాం. వాటిని నూరడం అందరూ నేర్చుకోవాలి. సామాను పరిచి చూపించే అలవాటు ఆపేద్దాం. ఆ గంటలో పది చెట్లు గుర్తుపట్టడం నేర్చుకోవచ్చు.

చేవెళ్ళ వైపు ఒక రైతు తన పొలం గట్టు మీద తుమ్మ తీసుకోమని ఒప్పుకున్నారు. వచ్చే నెల మొదటి ఆదివారం, పొద్దున్నే, ఎండ ముదరకముందే. నిప్పు పెట్టేది దున్నిన చోట మాత్రమే, పక్కన రెండు బిందెల నీళ్ళు ఉంటాయి. రావాలనుకునేవాళ్ళు ఆ తలుపు దగ్గర పుస్తకంలో పేరు రాసి వెళ్ళండి. మందపాటి చేతి తొడుగులు తెచ్చుకోండి. చెప్పులతో మాత్రం రాకండి, ఆ ముల్లు పల్చటి సోలులోంచి నేరుగా కాల్లోకి దిగుతుంది.